ఓడలో మూడు రాత్రులు: వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్ళడం, పక్క బంకు వాళ్ళతో మాట కలపడం ఎలా?

వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడలో వెళ్దామనుకునేవాళ్ళు ఎవరు కలిసినా రెండే అడుగుతారు. వాంతులు కాకుండా ఏం చేయాలి? ఒక్కణ్ణే వెళ్తున్నాను, సిగ్నల్ కూడా ఉండదట, అన్ని గంటలు ఎలా గడుస్తాయి?

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ కావు. కడుపులో తిప్పుతున్న మనిషి పక్కవాళ్ళతో ఏం మాట్లాడతాడు? పడుకునే చోటు, కడుపు, నిద్ర కుదిరాకే మాట కుదురుతుంది. అందుకని కింద చెప్పినవన్నీ అదే వరసలో చేయండి. వరస తప్పితే మొదటి రోజంతా పోతుంది. నా మొదటి ప్రయాణంలో అదే అయింది.

దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. 56 గంటల ప్రయాణం అంటారు, సముద్రం బాగాలేకపోతే ఇంకా పడుతుంది. సాయంత్రం బయల్దేరితే మూడు రాత్రులు ఓడలోనే. ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఓడలో ఇంకా అందరి నోటా పోర్ట్ బ్లెయిరే వినిపిస్తుంది. నేనూ అలాగే రాస్తున్నాను.

1. తేదీ, టికెట్

ఇది రోజూ ఉండే రైలు కాదు. వైజాగ్ నుంచి నెలకి ఒకటి, అటూ ఇటూగా. తేదీ ప్రకటించాక కూడా వాతావరణం వల్లో మరమ్మతుల వల్లో మారుతుంది.

• ఓడ దిగే రోజుకి గానీ మర్నాటికి గానీ వేరే టికెట్ ఏదీ బుక్ చేయకండి. రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.
• జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం కాస్త నిమ్మళంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల భయం. మొదటిసారైతే ఫిబ్రవరి, మార్చి చూసుకోండి.
• టికెట్ మీద పేరు మీ ఐడీ కార్డులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.
• అండమాన్‌లో స్థిరపడినవాళ్ళకి ఛార్జీ తక్కువ. పక్కాయన మీ కంటే తక్కువ కట్టాడని తెలిసి మనసు పాడుచేసుకోకండి. మనకి అది విహారం, వాళ్ళకి అది ఇంటి దారి.

2. ఏ క్లాసు తీసుకోవాలి?

డీలక్స్ కేబిన్‌లో ఇద్దరు, ఆ కింది కేబిన్లలో నలుగురు లేదా ఆరుగురు ఉంటారు. అన్నిటికంటే చవకది బంక్ క్లాస్. ఒక పెద్ద హాలు, వరసగా కింద ఒకటి పైన ఒకటి పడకలు.

చంటిపిల్లలు, మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు ఉంటే కేబిన్ తీసుకోండి, ఇందులో ఆలోచించేదేం లేదు. ఒంటరిగా వెళ్తూ నలుగురితో పరిచయం కావాలనుకుంటే మాత్రం నా సలహా బంకే. కేబిన్‌లో తలుపు వేసుకుంటే ఎవరి లోకం వాళ్ళదే. బంకులో తలుపే ఉండదు. అసౌకర్యం ఉంది, కాదనను. బాత్‌రూమ్‌కి లైను, రాత్రంతా పిల్లల ఏడుపు, ఎవరో ఒకరి గురక. దానికి సిద్ధపడి వెళ్తే బాధుండదు.

మధ్యదారి కావాలంటే ఆరుగురి కేబిన్. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు టికెట్ తీసుకునేటప్పుడే, ఆడవాళ్ళున్న కేబిన్‌లో చోటు ఇవ్వగలరా అని అడగండి. ఎక్కాక మార్చుకోవడం కష్టం.

3. సర్దుకోవడం: రెండు సంచులు

పెద్ద పెట్టె బంకు కిందకి వెళ్ళిపోతుంది. దాన్ని మళ్ళీ మళ్ళీ లాగడం మీకూ చిరాకే, పక్కవాళ్ళకీ చిరాకే. మూడు రోజులకి కావాల్సినవన్నీ ఒక చేతి సంచిలో పెట్టండి.

చేతి సంచిలో:

☐ పరుచుకోవడానికి ఒక దుప్పటి, కప్పుకోవడానికి ఒకటి, గాలి ఊదే దిండు
☐ స్వెటర్ (ఏసీ చలి మామూలుగా ఉండదు)
☐ స్టీలు పళ్ళెం, గ్లాసు, చెంచా, నీళ్ళ సీసా
☐ పది, ఇరవై, యాభై, వంద నోట్లు. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు
☐ వాంతుల మాత్రలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు ఐదు రోజులకి సరిపడా
☐ చిల్లుల్లేని ప్లాస్టిక్ కవర్లు ఓ పది. ఇంట్లో నీళ్ళు పోసి చూసి మరీ పెట్టుకోండి
☐ జారని చెప్పులు, చిన్న టార్చి, తాళం, గొలుసు
☐ ముందే డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు, సినిమాలు

పంచుకోవడానికి:

☐ జంతికలు, పల్లీపట్టీలు, మరమరాలు. నూనె కారనివి, వాసన రానివి
☐ కమలాపళ్ళు, నిమ్మకాయలు, శొంఠి
☐ అష్టాచెమ్మా గడి గీసిన గుడ్డ, నాలుగు గవ్వలు, ఒక పేక

పులిహోర తెచ్చుకోండి గానీ మొదటి పూటకే. మిగిల్చి మర్నాడు మధ్యాహ్నం తినొద్దు.

4. ఎక్కగానే చేయాల్సినవి, ఈ వరసలోనే

1) బంకు నంబరు చూసుకుని ముందు దుప్పటి పరవండి. చోటు మీదని అందరికీ తెలియాలి. పెట్టెను కింద పెట్టి గొలుసు వేయండి. ఓడ ఊగినప్పుడు అది జారకుండా ఉండటానికి కూడా పనికొస్తుంది.

2) లైఫ్ జాకెట్ ఎక్కడుంది, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలి, మీ బంకు నుంచి డెక్ (ఓడ పైన ఆరుబయట అంతస్తు) మీదకి దగ్గరి మెట్లు ఏవి, ఒక్కసారి నడిచి చూడండి. గోడ మీద బొమ్మ చూడటం సరిపోదు, నడవాలి.

3) బాత్‌రూమ్ చూసుకోండి. ఓడలో గుమ్మాలు ఎత్తుగా ఉంటాయి, కాలు తగిలి పడేవాళ్ళు చాలామంది. ఇనప తలుపులు బరువు. ఊపుకి దబాల్న మూసుకుంటాయి, గడప మీద వేళ్ళు పెట్టొద్దు.

4) క్యాంటీన్‌లో ఏ పూట ఎన్నింటికి, కూపన్ ఎక్కడ, డబ్బు ఎప్పుడు కట్టాలి అడగండి. తెలిసింది పక్క బంకు వాళ్ళకి చెప్పండి. మీ తొలి పరిచయం చాలావరకు ఇదే అవుతుంది.

5) ఇప్పుడు డెక్ మీదకి వెళ్ళండి. ఓడ హార్బర్ దాటేటప్పుడు కింద ఉండిపోకండి. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, రెండోవైపు చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు గుట్టలు. అందరూ రైలింగ్ పట్టుకుని అటే చూస్తుంటారు, కొందరు దణ్ణం పెట్టుకుంటారు. అక్కడ నౌకాదళ స్థావరం ఉంది కాబట్టి ఫొటోలకి ఫోన్ తీయొద్దు. సిబ్బందితో చెప్పించుకోవద్దు.

5. కడుపు సంగతి

మిగతావన్నీ అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఇది తప్పితే కోలుకోవడం కష్టం.

లోపలి చెవి ‘ఊగుతున్నాం’ అంటుంది. హాల్లో గోడలు చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఆ గొడవ కడుపు మీద పడుతుంది. అందుకే మంచం మీద పడుకుని ఫోన్ చూస్తే ఎక్కువవుతుంది, డెక్ మీద నిలబడి దూరాన నీళ్ళూ ఆకాశం కలిసే గీత చూస్తే తగ్గుతుంది.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నదే చాలామంది తప్పు చేసేచోటు. అవోమిన్ లాంటి మాత్ర ఓడ కదలక ముందే, గంటా రెండు గంటల ముందు పడాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికొచ్చేస్తుంది. దాంతో నిద్ర ముంచుకొస్తుంది, తెలుసుకుని వేసుకోండి. గర్భిణులు, చిన్నపిల్లలు, గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. మందుతో పాటు మద్యం అసలే వద్దు.

నా మొదటి ప్రయాణంలో మాత్ర వద్దనుకున్నాను. పైగా మధ్యాహ్నం కడుపు నిండా బిర్యానీ. రాత్రి తొమ్మిదింటికి హాల్లో ఎవరిదో స్టీలు గ్లాసు కింద పడి ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఈ గోడకి దొర్లుతోంది. ఎవరూ లేచి తీయడం లేదు. ఆ చప్పుడు వింటూ కవరు పట్టుకుని కూచున్నాను. ఎదర బంకులో టెక్కలి వైపు పెద్దావిడ ఉంది. ఆవిడే లేచి, గ్లాసు తీసి, నా భుజం తట్టి, మెట్లెక్కించి డెక్ మీదకి తీసుకెళ్ళింది. చిన్న శొంఠిముక్క చేతిలో పెట్టి, “కిందకి సూడకు బాబూ, ఎదర సూడు” అంది. చీకట్లో కనిపించేదేముంది, కాస్త వెన్నెల గీత తప్ప. దాన్నే చూస్తూ నిలబడ్డాను. అరగంటకి ఊపిరి కుదుటపడింది. ఇన్ని చెబుతున్నానే గానీ, అసలు మందు ఆవిడ చెప్పిన ఆ ఒక్క మాటే.

ఎక్కే రోజు చేయాల్సినవి:

☐ ఇడ్లీ, పెరుగన్నం లాంటి తేలిక తిండి, సగం కడుపుకే
☐ ఓడ కదలక ముందే మాత్ర
☐ నూనె వస్తువులు, సిగరెట్, మద్యం మానేయడం
☐ మొదటి ఆరేడు గంటలు ఫోన్, పుస్తకం పక్కన పెట్టడం

అయినా తిప్పితే:

• ఓడ మధ్య భాగానికి, వీలైనంత కింది అంతస్తుకి దగ్గరగా ఉండండి. ఓడ ముందు కొసన, పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ. పగలు, గాలి మెల్లగా ఉంటే డెక్ నడిమి భాగం మంచిది.
• కూర్చోలేకపోతే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకోండి.
• తినబుద్ధి కాకపోయినా ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగండి. ఒక్కసారి గ్లాసుడు తాగితే నిలవదు.
• వాంతికి కవరే. రాత్రిపూట రైలింగ్ మీద వంగడం ప్రమాదం.
• రోజు దాటినా నీళ్ళు కూడా నిలవకపోతే ఓడ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. సిగ్గుపడి దాచుకోవద్దు.

చాలామందికి రెండో రోజుకి అలవాటైపోతుంది. అసలు ప్రయాణం అప్పుడు మొదలవుతుంది.

6. మాట ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఓడలో ఎవరుంటారో తెలుసుకోండి. వైజాగ్ ఓడలో తెలుగువాళ్ళకి కొదవ ఉండదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఇంచుమించు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. తాపీ మేస్త్రీలు, ఉద్యోగులు, జవాన్లు, సెలవులకి ఇంటికెళ్ళే విద్యార్థులు, పెళ్ళికో కర్మకాండకో వచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళు. టూరిస్టులు తక్కువ. వాళ్ళ నోట ‘మెయిన్‌ల్యాండ్’ అనే మాట వింటారు. మనం ఉండే ఒడ్డుకి వాళ్ళు పెట్టుకున్న పేరు.

మొదటి గంటల్లో పేరూ ఊరూ అడగొద్దు. అందరూ సామాను, పిల్లలు, టెన్షన్‌లో ఉంటారు. ముందు చేతికి పని చెప్పండి:

• పై బంకుకి సంచి అందించడం
• “క్యాంటీన్‌కి వెళ్తున్నానమ్మా, వేణ్ణీళ్ళు పట్టుకురానా?” అనడం
• పిల్లలున్న తల్లికి, “మీరు భోజనం చేసి రండక్కా, సామాను నేను చూస్తా” అనడం
• ఎవరికైనా తిప్పుతుంటే ఒక కవరు, ఒక నిమ్మకాయ ఇచ్చి పక్కకి తప్పుకోవడం. అప్పుడు మాట్లాడించకండి

ఇలా ఒకటి రెండు అయ్యాక మాట దానంతటదే వస్తుంది. వరస కలిపి పిలవండి. వయసులో పెద్దాయనైతే బాబాయ్, పెద్దావిడైతే అమ్మా, పిన్నీ. ఈడువాళ్ళయితే అన్నా, అక్కా. ‘సార్’ అంటే దూరం పెట్టినట్టు, ఏ వరసా లేకుండా ‘నువ్వు’ అంటే మీద పడినట్టు ఉంటుంది. వాళ్ళు మిమ్మల్ని నువ్వు అంటే సంతోషించండి, మీరు మాత్రం మొదటి రోజు ‘మీరు’ దగ్గరే ఉండండి.

మొదటి ప్రశ్నగా “మీదే ఊరండీ?” కంటే “ఎన్నోసారి ఓడలో?” బాగా పనిచేస్తుంది. ఓడలో ఎన్నోసార్లు తిరిగినవాళ్ళు చెప్పుకుంటూ పోతారు. ఏ తుపానులో ఎన్ని రోజులు ఆగిపోయారో, పోయినసారి క్యాంటీన్‌లో చేపల కూర ఎలా ఉందో. ఊరు అడిగితే చాలామందికి రెండు ఊళ్ళుంటాయి, “పుట్టింది సోంపేట, ఉండేది జంగ్లీఘాట్” అని. ఆ రెండూ వినండి. రెండింట్లో దేన్ని ‘మా ఊరు’ అంటున్నారో గమనించండి, తర్వాతి మాట అక్కడినుంచి అందుకోవచ్చు.

అడగకూడనివి కూడా ఉన్నాయి. “మీరేవిట్లు?” అని కులం కూపీ లాగడం, జీతం, పెళ్ళెందుకు కాలేదు, పిల్లలెందుకు లేరు. ఊళ్ళో వీటిని భరించలేనివాళ్ళు లేచి వెళ్ళిపోగలరు. ఓడలో ఎక్కడికి పోతారు? మూడు రోజులు మీ ఎదురుగా పడుకోవాలి. ఆ మాట గుర్తుపెట్టుకుని మాట్లాడండి.

తెలుగు రానివాళ్ళతో హిందీ నడుస్తుంది. అండమాన్‌లో అందర్నీ కలిపేది అదే. వ్యాకరణం తప్పినా అక్కడ ఎవరూ నవ్వరు.

7. రెండో రోజు: డెక్, తిండి, ఆట

తెల్లారుజామునే డెక్ మీదకి వెళ్ళండి. ఓడ తూర్పుకి వెళ్తోంది, గడియారం మాత్రం మారదు. అందుకని పొద్దు రోజుకి పది పదిహేను నిమిషాలు ముందే పొడుస్తుంది. ఆ వేళకి అక్కడ చేరేవాళ్ళు రోజూ వాళ్ళే, ఓ పదిమంది. మూడో రోజుకి మీకూ వాళ్ళల్లో చోటు ఉంటుంది. ఎగిరే చేపలు నీళ్ళలోంచి లేచి అంత దూరం ఎగిరి పడుతుంటే ముందు చూసినవాళ్ళు కేకేస్తారు. పేరు తెలియని మనిషి మీ మోచెయ్యి పట్టుకుని “అదిగో, అదిగో” అంటాడు.

తిండి పంచేటప్పుడు మూత తీసి మధ్యలో పెట్టండి, చేతిలో పెట్టి బలవంతం చేయకండి. కడుపు బాగాలేనివాళ్ళు ఉంటారు, ఉపవాసాలు ఉంటాయి. ఇచ్చినదాన్ని మీరూ ముందు తినండి. వాళ్ళు చింతకాయ పచ్చడి కలిపిన ముద్ద ఇస్తే కొంచెమైనా తీసుకోండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒంటరిగా పిలిచి ఇచ్చే పానీయాలు, ఎవరిచ్చిన మాత్రలూ వద్దు.

అష్టాచెమ్మా గుడ్డ మధ్యాహ్నం భోజనాలయ్యాక పరవండి. ఎవరినీ పిలవక్కర్లేదు, మీరూ ఇంకొకరూ మొదలుపెట్టండి చాలు. నాలుగో పందేనికి వెనక నుంచి ఎవరో ఎత్తులు చెప్పడం మొదలుపెడతారు, వాళ్ళని కూచోబెట్టండి. గవ్వలు ఓడ ఊపుకి దొర్లితే ఆ పందెం చెల్లదని ముందే మాట అనుకోండి. పేకాట అయితే డబ్బు వద్దే వద్దు. పది రూపాయల దగ్గర మొదలై పరిచయాలు చెడిన వరస నేను చూశాను.

ఛార్జింగ్ పాయింట్లు తక్కువ. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకుంటే పెట్టొచ్చా అని సిబ్బందిని అడిగి, వాళ్ళు సరేనంటే ఫోన్లకి మాత్రం వాడండి. కెటిల్, ఇండక్షన్ స్టవ్ పెట్టొద్దు. ఓడలో నిప్పు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

8. మామూలుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*మొదటి రోజే నంబర్లు అడగడం.* ఎదుటివాళ్ళు బిగుసుకుపోతారు. ఆఖరి రోజు దాకా ఆగండి.

*రాత్రి పదిన్నర తర్వాత బంకు హాల్లో కబుర్లు.* మీ ముగ్గురికీ సరదా, ముప్ఫైమందికి నిద్ర లేదు. డెక్ మీదకి వెళ్ళనిస్తే అక్కడ మాట్లాడుకోండి. ఇప్పటికే విసుక్కున్నారా? పొద్దున్నే వెళ్ళి “రాత్రి ఇబ్బంది పెట్టాం బాబాయ్, ఇంక చేయం” అనండి. అక్కడితో అయిపోతుంది.

*స్పీకర్‌లో సినిమా.* ఇయర్‌ఫోన్ మర్చిపోతే సినిమానే మర్చిపోండి.

*పడుకున్నవాళ్ళని, పిల్లల్ని ఫొటో తీయడం.* అడిగి తీయండి. తీసేసి ఉంటే వాళ్ళ ముందే డిలీట్ చేయండి.

*ఒక్కరినే పట్టుకుని మూడు రోజులు వదలకపోవడం.* ఇది మంచివాళ్ళు చేసే తప్పు. ఎదుటివాళ్ళు దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగితే, జవాబులు ‘ఊ’ దగ్గర ఆగిపోతే లేచి వెళ్ళండి. సాయంత్రం వాళ్ళే పలకరిస్తారు.

*పర్సు, ఫోన్ దిండు మీద వదిలేయడం.* ఎంత స్నేహమైనా మీ వస్తువు మీ ఒంటి మీదే ఉండాలి. దాని గురించి తర్వాత ఎవరినీ అనుమానించే అవసరం రాదు.

ఎవరి చూపైనా, మాటైనా ఇబ్బందిగా ఉంటే మొహమాటపడకండి. పక్కనున్న కుటుంబంతో చెప్పండి, వెంటనే సిబ్బందికి చెప్పండి.

9. దిగే రోజు

ఆఖరి రాత్రి నంబర్లు కాగితం మీద రాసి ఇచ్చిపుచ్చుకోండి, ఫోన్లలో చార్జింగ్ ఉంటుందన్న నమ్మకం లేదు. పేరు పక్కన ‘కింద బంకు, మేస్త్రీ గారు, ఇద్దరు ఆడపిల్లలు’ అని గుర్తు రాసుకోండి. నెల తర్వాత పేరు ఒక్కటే చూస్తే ఎవరో తట్టదు.

☐ దుప్పటి మడిచి, చెత్త కవర్లో వేసి బంకు ఖాళీగా వదలడం
☐ ఐడీ, టికెట్ పై జేబులో
☐ తీసుకున్న గిన్నె, చార్జర్, పుస్తకం తిరిగి ఇవ్వడం
☐ అప్పుంటే, చాయ్ డబ్బులైనా సరే, ఓడలోనే తీర్చడం

ఒడ్డు దగ్గరపడగానే డెక్ మీదకి రండి. పచ్చటి కొండలు, రాస్ ద్వీపం (2018లో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు మార్చారు), అవతల నార్త్ బే లైట్‌హౌస్ కనిపిస్తాయి. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న కొబ్బరిచెట్ల బొమ్మ ఆ చోటుదే. జేబులో ఒక పాత నోటు ఉంచుకుని అప్పుడు పిల్లలకి చూపించండి, చుట్టూ మూగుతారు.

పోర్ట్ బ్లెయిర్ రేవు హాడో వార్ఫ్‌లో ఓడ ఆగాక మెట్ల దగ్గర అందరూ ఒకేసారి తోసుకుంటారు. తొందరపడకండి, అరగంట బంకు మీద కూచోండి. నాకు శొంఠిముక్క ఇచ్చిన పెద్దావిడ సంచి ఆ అరగంట తర్వాతే గ్యాంగ్‌వే మీద మోశాను. పెద్దవాళ్ళకి చెయ్యి అందించండి, ఆ మెట్లు నిటారుగా ఉంటాయి. గేటు బయట ఆటోలుంటాయి. మీరు వెళ్ళే వైపే వెళ్ళేవాళ్ళు మీ బంకు వరసలో ఉండే ఉంటారు, ఒకే ఆటో మాట్లాడుకోండి.